ఖరీదైన క్లైంబింగ్ సామాను: కోరాపుట్, రాయగడ కొండలకు ఏది అవసరం, ఏది దండగ

షాపులో ఒకే కొక్కేనికి రెండు స్క్రూ లాక్ కారబినర్లు వేలాడుతుంటాయి. తాడుని తగిలించే, మర బిగించి మూసే లోహపు వలయాలు అవి. ఒకటి వెయ్యి రూపాయల లోపు, రెండోది దానికి రెండు మూడు రెట్లు. వెన్ను మీద చెక్కిన అంకెలు చూస్తే రెండూ ఇంచుమించు సమానం. మరి ఆ పైసొమ్ము దేనికి? చాలావరకు బరువు తగ్గించినందుకు, మిగిలింది నునుపుకీ రంగుకీ పేరుకీ. బలానికి మాత్రం కాదు. ఈ సంగతి తెలిస్తే దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా ఉన్న మనవాళ్ళు చాలా డబ్బు మిగుల్చుకోవచ్చు. ఆ డబ్బుని నిజంగా ప్రాణం కాపాడే చోట పెట్టొచ్చు.

గ్రాముల లెక్క ఎవరికి కావాలి? రెండు మూడు రోజులు సామాను వీపున మోసి, వందల మీటర్ల గోడ ఎక్కేవాళ్ళకి. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కేది పది నుంచి పాతిక మీటర్ల రాతి ముఖం. కర్ణాటకలోని బాదామిలోలాగా బోల్టులు కొట్టిన దారులు ఇక్కడ వరసగా ఉండవు. పైన చెట్లకో బండలకో తాడు కట్టి, కిందకి వదిలి, దాని రక్షణలో ఎక్కే టాప్ రోప్ పద్ధతే మనకు సరైనది. ఈ పనిలో వంద గ్రాములు ఎక్కువైనా తక్కువైనా తేడా తెలియదు. మన సామానుకి శత్రువులు వేరే ఉన్నాయి. తాడులోకి దూరే ఎర్రమట్టి, ఎండ, వానాకాలపు బూజు, గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, చేతికి ఊడొచ్చే పెళుసు రాయి. ఏదైనా పాడైతే అదే రోజు మార్చుకునే దుకాణం కూడా దగ్గర్లో ఉండదు. అందుకే ఏ వస్తువైనా ఎంత తేలిక అని కాకుండా, ఈ దెబ్బలకు ఎంతకాలం నిలుస్తుంది అని చూసి కొనాలి.

పేరు కంటే ముందు ముద్ర

కారబినర్ చేతిలోకి తీసుకుని వెన్ను వెంట చదవండి. పొడవు వెంట గీసిన బాణం పక్కన 20 గానీ అంతకు మించి గానీ ఉండాలి. పొడవునా లాగితే ఎన్ని కిలోన్యూటన్లు తట్టుకుంటుందో ఆ అంకె చెబుతుంది. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోల బరువు లాగినట్టు, కాబట్టి 20 అంటే రెండు టన్నులు. అడ్డంగా గీసిన బాణం పక్కన 7, గేటు (తెరుచుకునే వైపు) తెరిచిన బొమ్మ పక్కన 6 గానీ 7 గానీ కనీసం ఉండాలి. గేటు తెరిచి ఉన్నా, బరువు అడ్డంగా పడినా బలం మూడో వంతుకు పడిపోతుందన్నమాట. వెయ్యి రూపాయలదైనా మూడు వేలదైనా అంతే. మర బిగించడం మరిచిపోతే ఏ బ్రాండూ ఆదుకోదు.

ఆ తర్వాత సి.ఇ. (యూరప్ భద్రతా నియమాలకు సరిపోతుందని చెప్పే) ముద్ర, దాని పక్కన నాలుగంకెల సంఖ్య వెతకండి. ఉత్పత్తిని తనిఖీ చేసే సంస్థ నంబరు అది. ఒట్టి సి.ఇ. అని ఉండి నాలుగంకెలు లేకపోతే ఆ వస్తువుని లెక్కలోకి తీసుకోవద్దు. ప్రమాణం సంఖ్య కూడా ఉండాలి. కారబినర్‌కి ఇ.ఎన్. (యూరప్ ప్రమాణం) 12275, హార్నెస్‌కి (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలకి) 12277, హెల్మెట్‌కి 12492, సాగే తాడుకి 892, సాగని తాడుకి 1891, స్లింగ్‌కి (వలయంలా కుట్టిన పట్టీకి) 566. యు.ఐ.ఎ.ఎ. (పర్వతారోహణ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య) ముద్ర కూడా ఉంటే ఇంకా మంచిది. ఇవన్నీ ఉన్న చవక వస్తువు, ఇవేవీ లేని ఖరీదైన వస్తువు కంటే వెయ్యి రెట్లు నయం. ఫ్యాషన్ సంస్థ పేరు వేసి అమ్మే బెల్టు మీద ఈ ముద్రలు లేకపోతే అది ఫొటోకి పనికొస్తుంది గానీ రాతికి పనికిరాదు.

దామన్‌జోడి, రాయగడ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో సేఫ్టీ బెల్టు, టోపీ ఉంటాయి. అవి నాసిరకం కావు, వేరే పనికి చేసినవి. ఐ.ఎస్. (భారత ప్రమాణం) 3521 బెల్టుకి తాడు సాధారణంగా వీపు వైపు తగిలిస్తారు. అలా వేలాడితే రాతి వైపు తిరగలేరు, కింద నిలబడి ఇంకొకరికి తాడు పట్టనూ లేరు. ఐ.ఎస్. 2925 టోపీ పైనుంచి పడే వస్తువు కోసం చేసింది. చాలా ఫ్యాక్టరీ టోపీల గడ్డం పట్టీ గట్టిగా లాగితే ఊడిపోతుంది. క్లైంబింగ్ టోపీ పట్టీ మాత్రం మనిషి తలకిందులైనా ఊడకూడదు.

తాడు: సన్నటిది వద్దు, సాగేదే కావాలి

ఎక్కేవాడికి కట్టే తాడు తప్పకుండా సాగే తాడై ఉండాలి, అంటే డైనమిక్ రోప్. ఇ.ఎన్. 892 పరీక్షలో 80 కిలోల బరువుని సింగిల్ రోప్ మీద పదేపదే పడేస్తారు. కనీసం 5 దెబ్బలకు తెగకూడదు, మొదటి దెబ్బలో లాగు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. ఆ సాగుడే నడుముని, వెన్నుని, పైనున్న కట్టుని కాపాడుతుంది. జయపురం సంతలో దొరికే నైలాన్ మోకు, లారీ తాడు, పశువుల తాడు ఎంత లావున్నా ఈ పనికి పనికిరావు. అవి దెబ్బ పడితే ఎంత సాగుతాయో, ఎంత లాగు తట్టుకుంటాయో ఈ పని కోసం ఎవరూ పరీక్షించలేదు.

ఇప్పుడు ధర సంగతి. ఖరీదైన తాళ్ళు సన్నగా ఉంటాయి, 8.7 నుంచి 9.2 మిల్లీమీటర్లు. ఉపాయంగా కనిపిస్తుంది గానీ మనకిది తప్పు ఎంపిక. టాప్ రోప్‌లో తాడు రోజంతా పై కారబినర్ మీద రాసుకుంటుంది, బరువు పడ్డ ప్రతిసారీ సాగి రాతికి ఒరుసుకుంటుంది. సన్న తాడు పైతొడుగు తొందరగా నూగు లేస్తుంది. కొత్తవాళ్ళ చేతిలో బిలే పరికరం (కింద నిలబడి తాడు పట్టేవాడు దాన్ని ఆపడానికి వాడేది) నుంచి త్వరగా జారుతుంది కూడా. 9.8 నుంచి 10.2 మిల్లీమీటర్ల మధ్య తాడు తీసుకోండి. ధర తక్కువ, ఆయుష్షు ఎక్కువ. 60 మీటర్లకు నాలుగు కిలోల దాకా బరువుంటుంది, అంతే తేడా. తాడు చివర అంటించిన పట్టీ మీద గుండ్రంలో 1 అని ఉండాలి. గుండ్రంలో సగం అని ఉంటే అది రెండు కలిపి వాడాల్సిన తాడు, ఒక్కటే వాడకూడదు.

పొడవు లెక్క సులువు. టాప్ రోప్‌కి తాడు కింది నుంచి పైకి, పై నుంచి కిందకి రావాలి కాబట్టి ముఖం ఎత్తుకి రెండింతలు, ముడులకీ కింద నిలబడే దూరానికీ మరో ఐదారు మీటర్లు. 25 మీటర్ల ముఖానికి 60 మీటర్లు చాలు. 30 మీటర్ల ముఖం దగ్గర అదే తాడు చాలకపోతే, దించుతుండగా తాడు కొస బిలే పరికరంలోంచి జారిపోయి మనిషి పడతాడు. కింది కొసకి ముడి వెయ్యడానికి పైసా ఖర్చు లేదు. ఆ ముడి లేకుండా ఎవరినీ ఎక్కనివ్వొద్దు.

నీళ్ళు పీల్చని డ్రై పూత ఉన్న తాడుకి ధర ఎక్కువ. యు.ఐ.ఎ.ఎ. పరీక్షలో అలాంటి తాడు తన బరువులో 5 శాతం కంటే తక్కువ నీరే పీల్చాలి, పూత లేనిది 40 శాతం దాకా పీల్చగలదు. తడిసిన నైలాన్ దెబ్బలు తట్టుకునే శక్తి బాగా తగ్గుతుంది, ఇది నిజం. కానీ ఈ ప్రాంతంలో వానాకాలంలో రాతి మీద నాచు పడుతుంది, అప్పుడు ఎక్కకపోవడమే పద్ధతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కేవాళ్ళకి డ్రై పూత దండగే. ఆ డబ్బుతో రెండు మీటర్ల చదరపు టార్పాలిన్ ముక్క, అది పెట్టుకునే సంచి కొనండి. ఎర్రమట్టి మీద తాడు నేరుగా పరిస్తే ఇసుక రేణువులు తొడుగు దాటి లోపలి దారాల మధ్య చేరి, తాడు వంగినప్పుడల్లా వాటిని కోస్తాయి. మట్టి పట్టిన తాడుని గోరువెచ్చని నీళ్ళలో సబ్బుపొడి లేకుండానో, తాళ్ళకి పనికొచ్చే సబ్బుతోనో ఉతికి నీడలో ఆరెయ్యాలి.

తాడుకి వయసుంది. వారం వారం వాడితే ఏడాది, నెలకోసారి వాడితే సుమారు ఐదేళ్ళు, వాడకుండా ఉంచినా పదేళ్ళు. తయారీదారులు ఇచ్చే లెక్క ఇంచుమించు ఇది. ఎంత ఖరీదు పెట్టినా ఈ గడువు పెరగదు కాబట్టి వాడకాన్ని బట్టి గడువుకల్లా మధ్యరకం తాడు మార్చడమే తెలివైన పని.

పైకట్టు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

యాంకర్, అంటే తాడుని పైన చెట్టుకో బండకో కట్టే ఈ పైకట్టు గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే దాన్లో మెరిసే వస్తువేదీ లేదు. కానీ టాప్ రోప్‌లో ప్రాణం మొత్తం దీని మీదే ఉంటుంది. సాగని తాడు, అంటే ఇ.ఎన్. 1891 ఎ రకం, 10.5 లేదా 11 మిల్లీమీటర్లది, 25 నుంచి 30 మీటర్లు కొనండి. బ్రాండుతో పనిలేదు, ప్రమాణం సంఖ్య ఉంటే చాలు. ఇది యాంకర్ కట్టడానికే. పైన రక్షణ లేకుండా ముందు ఎక్కేవాడికి దీన్ని కట్టకూడదు, పడితే సాగదు.

వేరువేరుగా నిలిచే రెండు ఆధారాలు తప్పనిసరి, మూడైతే మంచిది. చెట్టైతే పచ్చగా బతికున్నది, తొడ లావుకి తగ్గనిది, రాతి పగులులో కాకుండా మట్టిలో వేళ్ళు దించినది కావాలి. బండైతే భుజం పెట్టి తోసినా కదలకూడదు. ఆ రెండు ఆధారాల నుంచి వచ్చే తాడు కాళ్ళు కలిసే చోట కోణం 60 డిగ్రీల లోపు ఉంచండి. 120 డిగ్రీలకి తెరుచుకుంటే ఒక్కో కాలి మీద మొత్తం బరువంత లాగు పడుతుంది, రెండు కట్టి ప్రయోజనం ఉండదు. కలిసే ముడి రాతి అంచు దాటి కిందకి వేలాడాలి. ఆ ముడిలో రెండు స్క్రూ లాక్ కారబినర్లు, గేట్లు ఎదురెదురు వైపులకి ఉండేలా పెట్టండి. ఎక్కే తాడు వాటిలోంచే పోవాలి.

అంచు దగ్గర మడిచిన గోనెసంచి గానీ పాత జీన్స్ ప్యాంటు కాలు గానీ వేసి, అది జారకుండా సన్న తాడుతో కట్టండి. బరువు పడ్డ తాడు పదునైన అంచు మీద పక్కలకి రెండుసార్లు రాసుకుంటే కోసుకుపోగలదు. చాలామంది దగ్గర వేల రూపాయల షూస్ ఉంటాయి, ఈ గోనెసంచి ఉండదు.

యాంకర్ కారబినర్ల విషయంలో చవకదే మేలు. తేలిక కోసం సన్నగా మలిచిన ఖరీదైన అల్యూమినియం కారబినర్ మీద దుమ్ము పట్టిన తాడు నడిస్తే తొందరగా గాడి పడుతుంది. గాడి లోతు ఒక మిల్లీమీటరుకి చేరితే తీసెయ్యాలి, దాని అంచు తాడునే కోస్తుంది. లావుపాటి గుండ్రటి వెన్ను ఉన్నది ఎక్కువకాలం నిలుస్తుంది, స్టీలుదైతే ఇంకా మంచిది. బరంపురంవాళ్ళు ఇంకొకటి గమనించాలి. ఉప్పుగాలికి అల్యూమినియం మీద తెల్లపొడి లేచి, గేటు స్ప్రింగు బిగుసుకుంటుంది. నెలకోసారి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి, కీలు దగ్గర ఒక చుక్క నూనె వేసి తుడిచెయ్యండి.

స్లింగుల్లో సన్నటి డైనీమా (ఒక గట్టి కృత్రిమ దారం) తేలిక, ధర ఎక్కువ. కానీ అది సుమారు 145 డిగ్రీల వేడికే కరుగుతుంది. నైలాన్ 200 డిగ్రీలు దాటాకే కరుగుతుంది, ముడి వేసినా బాగా పట్టుకుంటుంది, కాస్త సాగుతుంది. చెట్టు చుట్టూ వెయ్యడానికి 120 సెంటీమీటర్ల నైలాన్ స్లింగులు మూడు చాలు.

బిలే పరికరం: ఇక్కడ ఖరీదైనదే కొనండి

గొట్టం రకం పరికరం చవక, తేలిక, పాడయ్యే భాగాలుండవు. అయితే కింద నిలబడ్డవాడు బ్రేక్ చెయ్యి వదిలేస్తే అది ఆపదు. గ్రిగ్రీలాంటి సాయపడే రకం దానికి కొన్ని రెట్ల ధర. తాడు ఒక్కసారిగా లాగితే లోపలి క్యామ్ అనే ముక్క తిరిగి తాడుని నొక్కేస్తుంది. పెట్జెల్ అనే ఫ్రెంచి సంస్థ గ్రిగ్రీని 1991లో తెచ్చింది. ఇప్పటి గ్రిగ్రీ 8.5 నుంచి 11 మిల్లీమీటర్ల తాళ్ళకి పనిచేస్తుంది.

కొత్తవాళ్ళు కొత్తవాళ్ళకే తాడు పట్టే చోట, పెద్దాసుపత్రికి గంటల ప్రయాణం ఉన్న చోట ఈ తేడాకి ధర పెట్టాల్సిందే. తేనెటీగ కుట్టినా, పైనుంచి రాయి పడ్డా చెయ్యి వదిలేది మనిషే. అయినా దీన్ని ఆటోమేటిక్ అనుకోవద్దు. తాడు తిరగేసి పెడితే అసలు పట్టదు. దించేటప్పుడు పిడిని పూర్తిగా వెనక్కి లాగేస్తే మనిషి రాయిలా పడతాడు. బ్రేక్ చెయ్యి తాడు మీద ఎప్పుడూ ఉండాలి. కంగారులో పిడి గుంజేవాళ్ళ కోసం ఎక్కువ లాగితే ఆగిపోయే గ్రిగ్రీ ప్లస్ ఉంది, శిక్షణ ఇచ్చేవాళ్ళకి అది ఉపయోగం. ప్రతిసారీ ఎక్కే ముందు తాడు పెట్టి, ఒక్కసారి గట్టిగా గుంజి, పట్టుకుందో లేదో చూడండి. గొట్టం రకం కూడా ఒకటి సంచిలో ఉంచాలి, రెండు తాళ్ళ మీద దిగడానికి గ్రిగ్రీ పనికిరాదు.

హెల్మెట్

తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే రాయి విస్తారంగా ఉంది. ఈ ప్రాంతపు కొంధు తెగ పేరే దానికి పెట్టారు. దగ్గరగా చూస్తే ఎర్రటి గోమేదికపు గింజలు కనిపిస్తాయి. వానకీ ఎండకీ ఇది మెత్తబడి, పైపొర పెచ్చులుగా లేస్తుంది. పట్టుకోబోయే రాతిని పిడికిలితో కొట్టి చూడండి. డొల్ల మోత వస్తే వదిలెయ్యండి. ఇలాంటి చోట హెల్మెట్ ఎక్కేవాడికన్నా కింద నిలబడ్డవాడికి ముందు కావాలి.

రెండు వందల గ్రాముల లోపు బరువుండే నురగ టోపీలు ఎంతో హాయిగా ఉంటాయి, ధర ఎక్కువ. కానీ బస్సు డిక్కీలో సామాను మధ్య నలిగితే సొట్టపోతాయి, లోపల చీలిక వచ్చినా పైకి కనిపించకపోవచ్చు. గట్టి ఏ.బి.ఎస్. ప్లాస్టిక్ పెంకు ఉన్న మామూలు టోపీ మూడు వందల గ్రాముల పైనే ఉంటుంది గానీ ఆ దెబ్బలకి ఓర్చుకుంటుంది. అదే తీసుకోండి. గాలి రంధ్రాలు బాగా ఉన్నది చూడండి, చెమటకి తీసి పక్కన పెట్టేస్తే ఏ టోపీ అయినా ఒకటే.

షూస్, హార్నెస్, బట్టలు

షూస్‌లో ధర కంటే కాలికి కుదరడం పెద్ద విషయం. కొక్కెంలా వంగిన ఖరీదైన జోళ్ళు ముందుకు వాలిన రాతి కోసం చేసినవి. వాలుగా పరుచుకున్న బండల మీద అరికాలు మొత్తం ఆనాలి, కాబట్టి చదునైన అట్ట ఉన్న కొత్తవాళ్ళ మామూలు జోడే ఇక్కడ బాగా పట్టుతుంది. తెలంగాణలోని భువనగిరి కోట రాయి అలాంటి ఏకశిల. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ పొందింది అక్కడే. సాయంత్రం, కాళ్ళు కాస్త ఉబ్బిన వేళ వేసి చూడండి. వేళ్ళు ముందు అంచుకి తగలాలి గానీ నొప్పి పుట్టకూడదు, మడమ దగ్గర ఖాళీ ఉండకూడదు. అస్తరు లేని తోలు వాడేకొద్దీ సాగుతుంది, సింథటిక్ పెద్దగా సాగదు. ముఖ్యంగా పాదం ముందుభాగం వెడల్పున్నవాళ్ళు ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి పంపే వీలున్న చోటే కొనండి. షూస్ మీద కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు, కుదిరిన జోడు దొరికితేనే. బొటనవేలి దగ్గర రబ్బరు అరిగి గుడ్డ కనిపించేదాకా ఆగొద్దు.

హార్నెస్ మధ్యరకం చాలు. నడుం పట్టీ తుంటి ఎముకల పైన నిలవాలి, కిందకి లాగితే జారకూడదు. కాళ్ళ పట్టీలు సర్దుకునేవైతే ఒక్కటే నలుగురికి పనికొస్తుంది. పక్కల ఉండే సామాను వలయాలు మనిషి బరువు మొయ్యవు, వాటికి తాడు కట్టకూడదు.

బట్టలకి డిజైనర్ పేరు అక్కర్లేదు. ముళ్ళకి తట్టుకునే, మోకాలు వంగే పొడవు ప్యాంటు చాలు. చేతి చెమటకి రాసుకునే చాక్ పొడి ఏ బ్రాండైనా మెగ్నీషియం కార్బొనేటే. చాక్ సంచి మీ ఊరి దర్జీ కుట్టిపెడతాడు.

ఇద్దరికి కలిపి పెట్టే ప్రతి వంద రూపాయల్నీ ఇలా పంచండి. తాడుకీ యాంకర్‌కీ 45, షూస్‌కి 20, బిలేకి 15, హార్నెస్‌లకీ హెల్మెట్‌లకీ 20.

తాడు లేకుండా బండలు ఎక్కేవాళ్ళకి

మూడు మీటర్ల లోపు బండలకి పరుపు కావాలి. బ్రాండ్ పరుపు ధర, రవాణా ఖర్చు కలిపితే మండిపోతుంది. పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర చేయించుకోవచ్చు, కానీ పొరల వరుస తప్పకూడదు. 130 సెంటీమీటర్ల పొడవు, 100 వెడల్పు. పైన రెండున్నర సెంటీమీటర్ల గట్టి ఇ.వి.ఎ. ఫోమ్ షీటు, కింద ఏడున్నర సెంటీమీటర్ల, 40 డెన్సిటీ పాలీయురేథేన్ ఫోమ్. గట్టిది పైనుంటే మడమ దెబ్బ పక్కలకి పరుచుకుంటుంది. మెత్తది పైన పెడితే మడమ అందులోకి దిగి చీలమండ మెలిక పడుతుంది. తొడుగుకి బ్యాగుల గుడ్డ వాడి, పక్కల గాలి పోయే రంధ్రాలు వదలండి, లేకపోతే దూకగానే కుట్లు విడిపోతాయి. మధ్యలో మడత పడేలా రెండు ముక్కలుగా చేస్తే ఆ సందులో పాదం ఇరుక్కుంటుంది, దాని మీద అడ్డంగా ఒక గుడ్డ మూత పెట్టించండి. ఈ ఒక్క వస్తువులో ఊళ్ళో చేయించింది ఖరీదైనదానికి దాదాపు దీటుగా నిలుస్తుంది.

పాత సామాను, నకిలీ సామాను

తాడు, స్లింగు, హార్నెస్ ఎప్పుడూ పాతవి కొనొద్దు. బ్యాటరీ ఆసిడ్ ఆవిరి తగిలినా నైలాన్ చెడిపోతుంది, పైకి మచ్చ కూడా కనిపించకపోవచ్చు. కారబినర్, గొట్టం బిలే పరికరం, షూస్ చూసి కొనొచ్చు. మార్కెట్ ధరకి సగంలో పేరున్న సంస్థ కొత్త వస్తువు దొరుకుతోందంటే నమ్మొద్దు. 2011లో పెట్జెల్ సంస్థే తన పేరుతో నకిలీలు తిరుగుతున్నాయని హెచ్చరించింది. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో దుకాణానికి వెళ్ళి చూసుకుంటే మంచిది.

కొరియర్‌లో తెప్పిస్తే పెట్టె విప్పిన రోజే పని ముగించండి. తాడుని కొస నుంచి కొస దాకా వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చి, ఎక్కడైనా గట్టి ముద్ద గానీ మెత్తటి గుంట గానీ తగులుతుందేమో చూడండి. కారబినర్ గేటు నొక్కి వదిలితే తనంతట తనే పూర్తిగా మూసుకోవాలి. హార్నెస్ లోపలి చీటీ మీద తయారీ సంవత్సరం, వరస సంఖ్య, ప్రమాణం ఉన్నాయో లేదో చూసుకోండి. ఏది లేకపోయినా ఒక్కసారి కూడా వాడకుండా తిరిగి పంపెయ్యండి. అన్నీ సరిగ్గా ఉంటే తాడు కొస పట్టీ మీద వాడకం మొదలుపెట్టిన నెల, సంవత్సరం చెరగని సిరాతో రాసి, బిల్లుతో పాటు వాడకం సూచనల కాగితాన్ని కూడా దాచండి.